నీలానికి ఏడు రోజుల పరీక్ష

మా ఇంట్లో నీలం అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మా అమ్మకు అది తెల్ల పంచెలు జాడించే బకెట్లో కలిపే మందు. నా భార్యకు భద్రాచలం రాముడి మేనిరంగు. నేను అడవి ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, పాత ఫైళ్లలో తునికాకు వేలాన్ని ఉర్దూ పద్ధతిలో ‘నీలాం’ అని రాసి ఉండేది. ఆ మాట వింటే నాకు చాలాకాలం దుమ్ముగూడెం వైపు ఆకు ఆరబోసే కల్లాలే గుర్తొచ్చేవి.

రిటైరైన కొన్నేళ్లకు నా బావమరిది దానికి ఇంకో అర్థం తెచ్చాడు. నా భార్యకు తమ్ముడు. పాల్వంచ కరెంటు కర్మాగారంలో షిఫ్టు పని, మా ఇంటికి పది నిమిషాల నడకలో కాలనీ క్వార్టరు. గుండె నరంలో అడ్డం ఉందని, స్టెంట్ వేయాలని, ఆలస్యం చేయొద్దని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. అతను సెలవైతే పెట్టాడు గానీ దవాఖానాలో చేరలేదు. శని నడుస్తున్నదని, నీలం రాయి పెట్టుకున్నాకే ఆపరేషన్‌కు పొమ్మని ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడట. అతని భయం నాకు తెలుసు. వాళ్ల నాన్న ఆపరేషన్‌కని పోయి మళ్లీ ఇంటికి రాలేదు.

ఖమ్మంలో ఉంగరాల రాళ్లు అమ్మే ముసలాయన దగ్గరికి నేనే తోడు పోయాను. మూడు తరాలుగా అదే వ్యాపారం వాళ్లది. నీలం అందరికీ పడదని, పరీక్ష చేయాలని ఆయనే చెప్పాడు.

“బట్టల గట్టి కుడిచెయ్యికి కట్టుకోండి సాబ్. ఏడు రోజులు జూడండి. పడకుంటే తెచ్చియ్యండి, మారుస్త.” తర్వాత నవ్వాడు. “మా బిడ్డ పేరు గూడ నీలమే. ఆమెకు పరీక్ష గిరీక్ష పెట్టలే. గట్లనే ఉంచుకున్నం.”

బస్సులో తిరిగొస్తూ బావమరిది, “బావా, నువ్వు రోజూ డైరీ రాస్తవు గద. ఈ ఏడు రోజులు నాది గూడ రాయ్. నేనైతే మంచొక్కటే యాదుంచుకుంట,” అన్నాడు.

నాకు ఆ పని నచ్చింది. పేజీని నిలువునా గీసి మంచి ఒకవైపు, చెడు ఒకవైపు పెట్టాను. సాయంత్రం పూట అతను మా మేడ మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. మొదటి రోజు పోయిందనుకున్న ఇంటి తాళంచెవి దొరికింది. మంచి. రెండో రోజు పాలు విరిగాయి. చెడు. మూడో రోజు పక్కింటివాళ్ల మామిడికాయ పచ్చడి జాడీ జారి పగిలింది.

“ఇది చెడు,” అన్నాను.

“పగిలింది వాళ్లది బావా, మనది గాదు. మంచికి రాయ్.”

వంటింట్లోంచి నా భార్య, “ఆ పచ్చడి మనకు గూడ పెడ్తమన్నరురా, చెడే!” అని అరిచింది. చివరికి ఏ వైపూ కాకుండా గీత మీద రాశాను.

పేజీ అడుగున ఇంకొకటి రాస్తూ వచ్చాను. అది అతను చెప్పింది కాదు, నేను చూసింది. మెట్లెక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగుతున్నాడో. మొదటి రోజు రెండు. రెండో రోజు రెండు. మూడో రోజు మూడు. నాలుగో రోజు నాలుగు. అయిదో రోజు సగం మెట్ల మీద కూర్చుండిపోయాడు. చెప్పు తెగిందన్నాడు. చెప్పు బాగానే ఉంది. అదీ రాశాను. తేదీ వేసి, డైరీ మూసి, అన్నం తిన్నాను.

ఆరో రోజు పొద్దున నా భార్య బల్ల తుడుస్తూ ఆ పేజీలు చదివింది.

“ఇవన్నీ జూసుకుంట రాస్తున్నరా మీరు?”

“ఏడు రోజులు కావాలన్నాడు కదా. ఇంకా రెండే ఉన్నాయి.”

“రాయికి ఏడు రోజులన్నరు. మా తమ్మునికి ఎన్ని రోజులున్నయో ఎవలన్న జెప్పిన్రా మీకు?”

ఆమె డైరీ చంకలో పెట్టుకుని కాలనీకి నడిచింది. నేను వెనకాలే పోయాను. తమ్ముడి ముందు పేజీల అడుగున ఉన్న పంక్తులు మాత్రమే చదివింది. రెండు, రెండు, మూడు, నాలుగు, కూర్చున్నాడు, చెప్పు తెగలేదు. అతను నా వైపు తిరిగాడు.

“ఏంది బావా, రాయిని రాయమంటే నన్ను రాసినవా?”

“అవ్,” అంది నా భార్య నా బదులు. “లేసి అంగీ తొడుక్కో.”

మధ్యాహ్నానికల్లా ఖమ్మంలో ఉన్నాం. ఆపరేషన్ కాగితం మీద అతనే సంతకం పెట్టాడు. నర్సు చేతికట్టు విప్పమంటే నా వైపు చూశాడు, తనే విప్పి అక్క చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున స్టెంట్ వేశారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదని నేను డాక్టరును అడిగాను. “అది వదిలేయండి,” అన్నాడాయన.

బావమరిది ఇప్పుడు డ్యూటీకి పోతున్నాడు. నీలం వేలికి పెట్టించుకున్నాడు. అది తనకు పడిందనే అంటాడు. అక్క డైరీ తెరవడం కూడా రాయి మహిమేనట. “రాయి గాదురా, దుమ్ము పట్టిందని తెరిచిన,” అంటుంది ఆమె. నేను వాదించను. ఆ వేలు మా ముందు కదులుతున్నది, అది చాలు.

మొన్న ఇద్దరమే ఉన్నప్పుడు, మూడో రోజే నేను నోరు తెరిచి చెప్పాల్సిందని అతనితో అన్నాను.

“చెప్తే ఇంటుంటినా బావా?” అన్నాడు.

వినేవాడు కాదేమో. అయినా నేను చెప్పలేదన్నది అట్లాగే ఉంది.