బావగారి హార్డ్ డిస్క్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఏది పాడైనా దానికో కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది అనుకునేవాణ్ణి. రెండువేల ఎనిమిదిలో మా అక్క విషయంలో జరిగినదానికి మాత్రం నాకు ఏ కారణమూ దొరకలేదు.

అప్పట్లో అమలాపురంలో నాకు చిన్న షాపు ఉండేది. మా బావగారు కొత్తపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. క్లాసుకి రాలేనివాళ్ల కోసం ఆ పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో దాచేవారు. అది ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉండేది.

ఆ ఏడు వానాకాలంలో ఇంటికి వస్తూ, కాలవగట్టు మీద బండి జారి నీళ్లలో పడిపోయారు. సాయంత్రానికి ఆయన దొరికారు. సంచి మర్నాడు దొరికింది.

అక్కకి పిల్లలు లేరు. దినకార్యాలు అయిపోయాక కూడా సరిగ్గా తినేది కాదు. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ డిస్క్‌ని చీరకొంగులో చుట్టుకుని షాపుకి వచ్చింది. ఆయన గొంతు మర్చిపోతానేమోనని భయంగా ఉందని, ఒక్క పాఠమైనా వినిపించమని అడిగింది.

ఆ పాఠాలు ఒక పాత ప్రోగ్రాంలోనే తెరుచుకుంటాయి. ఆ ప్రోగ్రాం పాత విండోస్‌లోనే నడుస్తుంది. అందుకని నా కంప్యూటర్ లోపలే పాత విండోస్‌తో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిచే వర్చువల్ మెషీన్ ఒకటి తయారుచేశాను. డిస్క్ వైరు పెట్టి, ఆ మెషీన్ మెనూలో యూఎస్‌బీ పరికరాల జాబితా తెరిచి, డిస్క్ పేరు ఎంచుకుంటే అది లోపలి కంప్యూటర్‌కి కలుస్తుంది.

జాబితా ఖాళీగా ఉంది. వైరు మార్చాను. వెనక పోర్టులో పెట్టాను. మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. నాలుగుసార్లూ అంతే. చెవి దగ్గర పెట్టుకుంటే డిస్క్ తిరుగుతున్న చప్పుడే లేదు. అక్క నా మొహం చూసి గ్రహించింది.

“ఇంకొక్కసారి చూడరా తమ్ముడూ. రాకపోతే వెళ్లిపోతాను,” అంది.

ఆమె తృప్తి కోసం చూశాను. ఈసారి జాబితాలో పేరు ఉంది. ఎంచుకోగానే లోపల డ్రైవ్ కనిపించింది. అందులో ఒకటే ఫైల్. ముందు దాన్ని వర్చువల్ మెషీన్‌లోకి కాపీ చేసి, తర్వాత తెరిచాను.

పాఠం కాదు. కాసేపు ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత బావగారి గొంతు.

“సరోజా, అన్నం తిన్నావా?”

ఆ తర్వాత రికార్డింగులో కొంత ఖాళీ. నా పక్కనున్న అక్క, ఆయన ఎదురుగా నిలబడి అడిగినట్టే, “ఇంకా లేదండి,” అంది.

“నువ్వు తినేయ్. నాకోసం చూడకు. నాకు ఆలస్యమవుద్ది.”

అంతే. రికార్డింగు నడుస్తుండగా ఇంటికి ఫోన్ చేసి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పూట అక్కని మా ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ వడ్డిస్తే కడుపునిండా తింది. చెయ్యి కడుక్కుంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.

పాఠాలు కూడా దొరుకుతాయేమోనని మర్నాడు డిస్క్ పెడితే మళ్లీ జాబితాలోకి రాలేదు. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు తీసే ఒకాయన రాజమండ్రిలో ఉంటే పట్టుకెళ్లాను. కాలవలో పడిందని చెప్పాను. విప్పి చూపించారు. లోపలి పలకల మీద ఎండిపోయిన బురద. మోటారు తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

“ఆయ్, ఇది నీళ్లలో పడ్డ రోజే పోయిందండి. ఆ తర్వాత తిరిగే వీలే లేదు,” అన్నారు.

మొన్ననే దీన్నుంచి ఫైల్ తీశానన్నాను. అది ఇంకో డిస్క్ అయ్యుంటుందని మర్యాదగా అన్నారు.

కొన్నాళ్లకి అక్కని అడిగాను, ఆ ఫోన్ ఎప్పటిదని. 

“అలా ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదురా. పదకొండేళ్లు కాపురం చేసేం. ఒక్కసారైనా తిన్నావా అని అడుగుతారేమోనని చూసేదాన్ని. అడగలేదు.”

ఆ ఫైల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ గొంతు మా బావగారిదే, అందులో నాకు అనుమానం లేదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఇన్నేళ్లయినా చెప్పలేకపోతున్నాను.