మునకల తాత బంధువర్గం

బాప్తిస్మం ఎవరిస్తామన్నా వెళ్లి తీసుకోవడం మునకల తాతకున్న ఒకే ఒక్క వ్యసనం. ఆయన మిషన్ ఆసుపత్రిలో మార్చురీ కాపలాదారు. ఊళ్లో మూడు చర్చిలు. ఒక పాస్టరుగారు నెత్తిన నీళ్లు చల్లారు. ఇంకొకరు తొట్టిలో ముంచారు. మూడో ఆయన ఏటిదాకా నడిపించి మరీ ముంచారు. ఒకరి బాప్తిస్మం ఇంకొకరికి చెల్లదు. ఒకరి గుమ్మం ఇంకొకరు తొక్కరు. తాత మాత్రం మూడు చోట్లా సభ్యుడే.

"ఎన్నిసార్లు మునుగుతావయ్యా?" తల తుడుస్తూ భార్య తిట్టేది.

"పాపాలు ఎక్కువే మరి."

"నీ మొహానికి పాపాలు కూడానా!"

ఆ వానాకాలం విషజ్వరం ఊరిని ఊడ్చేసింది. మార్చురీలో బల్లలు చాలక శవాలను నేలమీదే పడుకోబెట్టారు. సగం మంది ఎక్కడినుంచో పనికొచ్చిన కూలీలు. వాళ్లకోసం ఏడ్చే దిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం తాత భార్య క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి మార్చురీ గుమ్మంలో ముగ్గురు పాస్టర్లూ నిలబడి ఉన్నారు. ఆ ముగ్గురినీ ఒకేచోట చూడటం ఆవిడకు అదే మొదలు.

"పాపం, మీ చెల్లెళ్లు నలుగురికీ ఒకే నెలలో భర్తలు పోయారటగా అమ్మా" అన్నారు చల్లే పాస్టరు.

"నాకు చెల్లెళ్లెక్కడివండీ?" నోరు జారింది.

"మరి మా దగ్గర పూడ్చిన ముగ్గురు బాబాయిలు?" అన్నారు తొట్టి పాస్టరు.

"మా దగ్గర ఇద్దరు మేనత్తలు!" ఏటి పాస్టరు కళ్లెర్రజేశారు.

తాత తల దించుకున్నాడు. "సమాధుల తోటలో సభ్యుల బంధువులకే చోటన్నారు కదా బాబూ. అందుకే వీళ్లను మావాళ్లని రాయించాను. మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ బండొస్తుంది. చెత్తదిబ్బ వెనక, అందర్నీ ఒకే గోతిలో..."

లోపల దుప్పటి కింద నుంచి ఒక ముసలామె పాదాలు కనిపిస్తున్నాయి, నడిచి నడిచి పగిలినవి.

"ఈమె ఎవరు? మీ అత్తగారా?" అన్నారు ఏటి పాస్టరు.

ఆవిడ క్యారేజీ కింద పెట్టి, దుప్పటి లాగి ఆ పాదాలు కప్పింది.

"మా పిన్ని."

"ఎవరూ లేరన్నారుగా?"

"చెల్లెళ్లు లేరన్నాను. పిన్ని లేదన్నానా?"

చల్లే పాస్టరు వచ్చే నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. తొట్టి పాస్టరు చొక్కా చేతులు మడిచి స్ట్రెచర్ ఒక కొస అందుకున్నారు. ఏటి పాస్టరు మాత్రం కదల్లేదు. తాత వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఆ మూలనున్నాయన నీకేమవుతాడు?"

"ఇంకా అనుకోలేదు బాబూ."

"అయితే మా బావమరిదని రాసుకో."