టీచరమ్మ తెల్లచీర

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరేసరికి చెవిటికల్లు దగ్గర కృష్ణ పారడం మానేసేది. నిలిచిన నీళ్ల మీద పాచి లేచేది. పోగులు పోగులుగా ఉండే నాచు కాదు... ఆకుపచ్చ పెయింటు డబ్బా ఎవరో వంపినట్టు చిక్కగా ఉండేది. పడవ వెళ్తే వెనక దారి పడేది. కాసేపటికి అదీ మూసుకుపోయేది.

ఆ ఏడు ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం నాడు అమ్మకి బాప్తిస్మం. ఏట్లోనే ఇచ్చేవారు. తెల్లచీర కట్టుకుని మునగాలి. మా ఇంట్లో తెల్లచీర లేదు. కొందామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు.

"మొగుడు నిక్షేపంలా ఉండగా తెల్లచీర కొంటావటే? నా కొడుకుని ఏం చేద్దామని?"

చివరికి ఆవిడే దారి కూడా చూపించింది. "అరువు తెచ్చుకో. అప్పుడది మనది కాదుగా!"

మా బళ్లో పాఠాలు చెప్పే టీచరమ్మ మా గుడికే వచ్చేది. అమ్మ ఆవిడ్నే అడిగింది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు ఆడవాళ్లంతా తెల్లచీర కట్టుకోవడం మా గుళ్లో అలవాటు.

"ఈస్టరుకల్లా ఇచ్చెయ్ సామ్రాజ్యం. నాకూ మంచిది అదొక్కటే" అంది టీచరమ్మ.

ఆదివారం రేవుకి వెళ్తే ఒడ్డంతా పాచే. పాస్టరుగారు దిగడానికి వెనకాడారు.

"ఇసుకదిబ్బ అవతల నీళ్లు తేటగా ఉన్నాయండి అయ్యగారూ. పొద్దున్నే చూసానండి" అన్నాడు పడవాయన.

నిజమే... పడవెక్కి వెళ్లేసరికి దిబ్బ అవతల అడుగున ఇసుక కనపడుతోంది. అందరూ పాట ఎత్తుకున్నారు. ఒక్కొక్కరికీ పాస్టరుగారు చాలాసేపు ప్రార్థన చేశారు. ఈలోగా గాలి తిరిగింది. పాచి దిబ్బ చుట్టూ తిరిగి మా వైపు రావడం నేను పడవలోంచి చూస్తూనే ఉన్నాను. అమ్మ వంతు ఆఖరున వచ్చింది. అప్పటికి ఆమె చుట్టూ నీళ్లు లేవు... పచ్చదనమే.

"పర్లేదమ్మా, రా" అన్నారు పాస్టరుగారు.

అమ్మ మునిగి లేచింది. పడవలో అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కళ్లు తెరిచి ముందు కొంగు చూసుకుంది.

రేవులో గేదెల్ని కడుగుతున్నాయన ఊరుకోలేదు. "ఏమ్మాయ్, పాపాలు కడుక్కు రమ్మంటే పాచి పూసుకొచ్చావేంటి?"

పడవలో వాళ్లు కూడా నవ్వారు. అమ్మ నవ్వబోయింది గాని రాలేదు. తడిచీరతో ఊరి మధ్య నుంచి ఇంటికి నడిచాం. కుళ్లిన గడ్డి వాసన మాతోనే వచ్చింది.

సబ్బు పెట్టింది. నిమ్మకాయ రుద్దింది. ఎండలో ఆరేసింది. మచ్చలు పోలేదు. "నీలిమందు దట్టంగా పెట్టు అక్కా, కనపడదు" అంది పిన్ని. పెట్టింది... ఆరాక చూస్తే పాచి ఉన్నచోటల్లా నెమలికంఠం రంగు తేలింది.

శుక్రవారం సాయంత్రం అమ్మ ఆ చీర మచ్చలు లోపలికి పోయేలా మడతపెట్టి, నన్ను తోడు తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ మడత విప్పి చూసింది. మళ్లీ మడతపెట్టి అమ్మ చేతికే ఇచ్చింది.

"పోన్లే సామ్రాజ్యం... నువ్వే ఉంచుకో. ఇంట్లో దేనికైనా పనికొస్తుంది."

తిట్టి ఉంటే బాగుండేదని ఇంటికి వచ్చాక అమ్మ అంది.

ఈస్టరు నాడు గుడి నిండా తెల్లచీరలే. అమ్మ కాక రంగు చీరలో వచ్చింది టీచరమ్మ ఒక్కతే... పసుప్పచ్చది.

"అదేంటండీ టీచరుగారూ, ఇవాళ కూడా రంగు చీరేనా?" అని ఒకావిడ అందరికీ వినపడేలా అడిగింది.

"మామయ్యగారు మసిగుడ్డ అనుకుని తెల్లచీరతో పొయ్యి తుడిచేశారండీ" అంది టీచరమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ మా వైపు చూడలేదు.

అమ్మ మొదటిసారి బల్ల పుచ్చుకోవాల్సిన రోజు అది. బాప్తిస్మం తీసుకున్నది అందుకే. కొత్తవాళ్లని ముందుకి పిలిచారు. అందరూ లేచారు. అమ్మ లేవలేదు. నేను మోచేత్తో పొడిచాను... చాప పుల్లలు గిల్లుకుంటూ అలాగే కూర్చుంది. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు గుళ్లోనే టైల్స్ తొట్టి కట్టారు. మోటారు వేస్తే బోరునీళ్లు నిండుతాయి. తెల్లగౌన్లు గుడివాళ్లే ఇస్తున్నారు. ఎవరూ ఎవరి గడప తొక్కి అడగక్కర్లేదు... మంచిదే.

ఉద్యోగం వచ్చాక నందిగామలో అమ్మకి మంచి తెల్లచీర కొన్నాను. "బాగుందే" అని బీరువాలో పెట్టేసింది. ఈరోజుకీ బల్ల పుచ్చుకోవడానికి రంగు చీరే కట్టుకుని వెళ్తుంది. ఎందుకని నేను అడగలేదు.

అరువు తెచ్చిన వస్తువు పాడై, ఇచ్చినవాళ్ల ముందు తల దించుకున్న రోజు మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది... చెప్పుకోగలిగితే కింద రాయండి.