మొక్కు చెడని మందు కోసం తార్నాక దాకా

పెద్దక్క కాలి పుండు మానడం లేదు. మాత్రలతో షుగరు తగ్గడం లేదని, ఇక ఇన్సులిన్ తప్పదని డాక్టరు చెప్పేశారు. "గా మందు పంది కడుపులకెల్లి తీస్తరంట. నేను సచ్చినా తీస్కోను" అంది అక్క. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు నాకు కామెర్లు ముదిరితే, తమ్ముడు బతికితే చాలని మొక్కుకుని నీసు మానేసిన మనిషి ఆమె. ఆ మొక్కు చెడకూడదు, అక్క కాలూ పోకూడదు. తార్నాక దగ్గర ఒక పరిశోధనశాలలో సైన్స్ దినం నాడు అందరినీ లోపలికి రానిస్తారని తెలిసింది. ఇవాళ ఈ సంగతి తేల్చుకునే ఇంటికి రావాలనుకుని అక్కను బయల్దేరదీశాను.

మారేడ్‌పల్లిలో తొమ్మిదింటికే బయటపడ్డాం. ఆలస్యమైతే మెట్టుగూడ దగ్గర బండ్లు కదలవు. బస్సుకు ఖర్చు తక్కువే గానీ, అక్క కాలు చూసి నలభై రూపాయలకు ఆటో మాట్లాడాను. "దవాఖానకా అక్కా?" అన్నాడు డ్రైవరు. "కాదు బిడ్డా. మందు యాడ పుడ్తదో సూపిస్తడంట నా తమ్ముడు. నాకైతే నమ్మకం లేదు." అతను అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, వరుస మాత్రం గేటు దాకా ఉంది. గ్రేస్ అనే పరిశోధక విద్యార్థిని, బందరు పిల్ల, అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "ఇన్సులిన్ ఎలా చెయ్యాలో చెప్పే జన్యువు మన ఒంట్లో ఉంటుందండీ. దాని నకలును ఒక సూక్ష్మజీవిలో ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్టలో అతికిస్తాం. ఆ జీవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతూ ఇన్సులిన్ చేసిపెడుతుంది. శుద్ధి చేస్తే అదే మందు. అచ్చం మనిషి ఇన్సులినే."

"మనిషిదా!" అక్క లేచి నిలబడింది. "గింతకన్న పందే నయముండె గదరా!"

నేను కంగారుగా అక్క చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను. గ్రేస్ మాత్రం తొణకలేదు. "ఏ మనిషినీ ముట్టుకోమండీ. పద్ధతి మాత్రమే మనిషిది, చేసేది సూక్ష్మజీవి."

పక్కనే గాజు పాత్రలో ఆ సూక్ష్మజీవులను పెంచుతున్న తెల్లని ద్రవం తిరుగుతుంటే, దాన్ని అక్క చాలాసేపు చూసింది. "పాలల్ల తోడేసినట్టన్నమాట. జెరంత ఏస్తే తెల్లారేసరికి గిన్నెంత అయితది."

"అలాంటిదేనండీ. రక్తం గడ్డకట్టని జబ్బుకు మందు, ఒక రకం కామెర్లు రాకుండా వేసే టీకా కూడా ఈ దారిలోనే వచ్చాయి."

కామెర్లు అనగానే అక్క నా వైపు తిరిగింది. "గిది అప్పట్ల ఉంటే నీకోసం నేను నీసు ఇడిసిపెట్టకపోదును గదరా!" నవ్వుతూనే అంది గానీ కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో మందుల షాపు ముందు ఆటో ఆపించింది అక్కే. "తోడేసి చేసిందే ఇయ్యి బిడ్డా" అని అడిగితే షాపతను తెల్లమొహం వేశాడు. నేను డాక్టరు చీటీ చేతికిచ్చాను. ఇన్నాళ్లూ అక్కది మొండితనమని విసుక్కునేవాణ్ణి. నన్ను బతికించుకోవాలని పట్టుబట్టిందీ ఆ మొండితనమే, ఇవాళ ఆమెను తార్నాక దాకా లాక్కెళ్లిందీ అదే. ఇన్సులిన్ కొత్తగా కొనేవాళ్లకు ఒక్క మాట: ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు. మా ఫ్రిజ్‌లో అక్క తనకోసం వేరుగా ఉంచుకున్న అర ఒకటుంది, మా కోడిగుడ్లను ఆ ఛాయలకు కూడా రానివ్వదు. ఇప్పుడు ఇన్సులిన్ అక్కడే ఉంది, పెరుగు గిన్నె పక్కన.