గడ్డం సందున గాలి

మా ఆయన గడ్డం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి పేరు హనుమంతరాయుడు. చిలమత్తూరు దగ్గర బండలు కోసే షెడ్డులో మిషన్ మీద పని. పొద్దున నల్లగా పోయిన గడ్డం సాయంత్రం తెల్లగా ఇంటికొస్తుంది. ఆ తెలుపంతా రాతిపొడి.

అది మొక్కుకున్న గడ్డం కాబట్టి నేను నోరెత్తకూడదు. ఆయన అన్న ఓబుళేసు కూడా అదే షెడ్డులో పనిచేశాడు. బోరు ఎండిపోయినప్పుడల్లా, పొడి లేవకుండా పెట్టాల్సిన నీళ్ళు పెట్టకుండానే రాయి కోయించారు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలనుకున్నారు అన్నదమ్ములిద్దరూ. ఇప్పుడు బావ మంచం దిగి వాకిట్లోకి రావాలన్నా గోడ పట్టుకుని ఆయాసపడాల్సిందే. పెళ్ళాం బిడ్డలు లేని మనిషి, మాతోనే ఉంటాడు. అన్న తన కాళ్ళ మీద నడిచి లేపాక్షి గుడికి వచ్చిన రోజే గడ్డం తీస్తానని ఈయన వీరభద్రస్వామికి మొక్కుకున్నాడు.

పోయిన నెల బావను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి నర్సు కృపాకుమారి మా ఆయన దగ్గు విని, పనిలో ఏం కట్టుకుంటావని అడిగింది. షెడ్డులో ఇచ్చిన పలచని నీలం మాస్కు జేబులోంచి తీసి చూపించాడు. అది నోటి తుంపరలను ఆపేదే కానీ రాతిపొడిని ఆపేది కాదని చెప్పి, ఎన్95 అని రాసి ఉన్నదొకటి తెచ్చింది. సన్నపొడిలో వందకు తొంభై ఐదు పాళ్ళు ఆపుతుందట. అమ్మయ్య అనుకున్నాను. రెండు పట్టీలూ తల వెనక్కి వేయించి, ముక్కు మీది రేకు నొక్కించి, గట్టిగా ఊదమంది. నన్నేమో ఆయన చెంప దగ్గర అరచెయ్యి పెట్టమంది. గడ్డంలోంచి వెచ్చని గాలి నా చేతికి తగిలింది.

"గాలి ఇట్లా బయటికి వస్తాండాదంటే, పొడి కూడా ఇట్లే లోపలికి పోతాది. మాస్కు మీద తొంభై ఐదని రాసుంటే ఏం లాభం? గడ్డం తీస్తేనే ఇది పనిచేసేది" అంది.

మొక్కు ఉందన్నాడు మా ఆయన. ఇంటికొచ్చాక ఎంత పోట్లాడానో నాకే తెలియదు. స్వామి నీ ఊపిరి అడిగాడా అని కూడా అనేశాను.  మరుసటి రోజు ఆయన ఆ మాస్కును గడ్డం మీదే తగిలించుకుని పనికి పోయాడు. ఏం మనిషిరా దేవుడా అనుకున్నాను. కానీ అసలు సంగతి నాకూ తెలుసు. బావ ఊపిరితిత్తులు ఇక బాగుపడవని డాక్టరు మా ఇద్దరినీ పక్కకు పిలిచి చెప్పాడు. గడ్డం తీస్తే, అన్న ఇక లేపాక్షికి నడవడని ఒప్పుకున్నట్టే. ఆ మాట ఒప్పుకోలేక ఈయన తన ఊపిరితిత్తులనే పణంగా పెడుతున్నాడు. బావకు మేమేమీ చెప్పలేదు.

చెప్పకపోయినా, చిన్న ఇంట్లో మా పోట్లాట ఆయనకు వినపడకుండా ఉంటుందా? మొన్న ఆదివారం తమ్ముణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను రేజరూ చెంబుతో నీళ్ళూ తెమ్మన్నాడు. మా ఆయన లేవబోతే భుజం పట్టుకున్నాడు.

"నాకు కొరివి పెట్టేది నువ్వే కదప్పా. ఆ పొద్దు యెట్లయినా గుండూ గడ్డమూ గీయించుకుంటావు, అది నేను చూసేది లేదు. ఇది మాత్రం నా కండ్లతో చూస్తా" అన్నాడు.

రేజరు తానే పట్టుకున్నాడు. రెండు గీతలు గీసి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి అందాక మళ్ళీ మొదలుపెట్టేవాడు. మా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. సబ్బు నురగ మీదుగా కన్నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు. నేను చెంబు పట్టుకుని ఏడ్చాను.

అయిపోయాక మాస్కు అడిగి, పట్టీలు తానే వేసి, రేకు తానే నొక్కి, ఊదమన్నాడు బావ. చెంప పక్కన చెయ్యి పెట్టాడు.

"గాలి రాలేదు" అన్నాడు. అన్నాక కూడా చెయ్యి తియ్యలేదు.