ఎర్రబడిన అతుకు

తొంభైల్లో సిద్దిపేటలో వడ్లు నూర్చే యంత్రాలు తయారుచేసే షెడ్డులో నేను వెల్డర్ని. యజమాని కూతురు ఇంజనీరింగ్ చదివి వచ్చి అక్కడ కంప్యూటర్ పెట్టింది. యంత్రం తయారుకాకముందే, అది తిరిగితే ఏ భాగం తట్టుకోలేదో తెర మీద ఎర్రగా చూపించేది. ఆమెను అందరం అక్కా అనేవాళ్లం. కోపమొస్తే అక్క గొంతు పెరిగేది కాదు, తగ్గేది.

ఒకరోజు, గింజ రాల్చే డ్రమ్ము అతుకు తెర మీద ఎర్రబడింది.

"నాయినా, గీడ పగులుతది" అంది అక్క మెల్లగా.

"బొమ్మలు చూసి మిషిన్లు ఆపుతరా?" అని యజమాని నవ్వి, యంత్రాన్ని మిరుదొడ్డికి పంపేశాడు.

కోతల్లో ఆ డ్రమ్ము అక్కడే పగిలింది. ముక్క ఎగిరి తగిలి ఒక ఆడకూలీకి చెయ్యి పోయింది.

"దగ్గరికెందుకు పోయింది? తప్పు ఆమెదే" అన్నాడు యజమాని.

అక్క వెళ్లి షెడ్డు మెయిన్ స్విచ్ ఆపేసింది. "డ్రమ్ము మారేదాక ఒక్క మిషిన్ గేటు దాటది."

మాలో ఎవరూ ఆ స్విచ్ ముట్టలేదు. చివరికి యజమానే దిగొచ్చి డ్రమ్ము మార్పించాడు.

కొత్త డ్రమ్ముకు పేరొచ్చింది. కంప్యూటర్ పక్కన ఫోటో దిగాలని యజమాని ఒక విలేకరిని పిలిపించాడు. అక్క కెమెరాకు అడ్డంగా నిలబడింది.

"ఫోటో గీడ కాదు నాయినా. మిరుదొడ్డి పోదాం పా. చెయ్యి పోయినామె పక్కన నిలబడి దిగు."

యజమాని తల దించుకున్నాడు. విలేకరి ఫోటో తియ్యకుండానే కెమెరా సంచిలో పెట్టుకున్నాడు.