రావమ్మ పేరున పాఠం

సుగ్రా టీచర్ దగ్గర ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు డిక్షనరీతో పనిలేదు. పామర్రు సెంటర్లో నాలుగడుగులు నడిస్తే చాలు. హార్డ్ వర్కింగ్ అంటే ఇస్త్రీ బండి బసవయ్య. ఆబ్సెంట్ మైండెడ్ అంటే టీచర్ భర్త ఇమామ్ గారు; స్కూటర్ మీద హనుమాన్ జంక్షన్ వెళ్లి, బస్సులో తిరిగొచ్చిన మనిషి. షార్ట్ టెంపర్డ్ అంటే మా క్లాసు మేడ కింద టిఫిన్ బండి పెట్టుకున్న రావమ్మ పిన్ని. మనిషిని చూపిస్తే తప్ప మాట బుర్రకెక్కదని టీచర్ నమ్మకం. నిజమే. ఇప్పుడు గన్నవరం ఎయిర్‌పోర్టు కౌంటర్లో ప్రయాణికులు నామీద అరుస్తుంటే నాకు పిన్నే గుర్తొస్తుంది.

ప్రతి బ్యాచూ "రావమ్మ ఈజ్ షార్ట్ టెంపర్డ్" అని పదిసార్లు కోరస్‌గా చదవాల్సిందే. కింద పిన్నికి అందులో తన పేరొక్కటే అర్థమయ్యేది. "విన్నారా, మా టీచర్ గారు నా పేరున పాఠం చెబుతారండీ" అని తినేవాళ్లకు గొప్పగా చెప్పుకునేది. పన్నెండేళ్లుగా రోజూ ఏడింటికి, టీచర్ షుగర్ మాత్ర వేసుకునే వేళకు, రెండు ఇడ్లీలు పొట్లం కట్టి స్వయంగా మెట్లెక్కి ఇచ్చేది.

ఆ స్నేహంలో పుల్ల పెట్టింది నేనే. రెండోసారి చట్నీ అడిగానని పిన్ని విరుచుకుపడింది. కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ ఊరుకోనిస్తుందా? "యూ ఆర్ షార్ట్ టెంపర్డ్, పిన్నీ!" అన్నాను.

గరిటె ఆగింది. "అది నా పాఠంలో మాట కదే! అంటే ఏంటి సింధూరీ?"

అబద్ధం చెప్పే తెలివి నాకు లేకపోయింది. "ముక్కు మీద కోపం ఉన్నవాళ్లని" అన్నాను. పిన్ని తిట్టలేదు. అడక్కుండానే చట్నీ వేసి అటు తిరిగింది. 

మర్నాడు పొట్లం రాలేదు. జరిగింది నేను చెబితే, టీచర్ కిందికి దిగి, "తప్పయిపోయిందండీ రావమ్మ గారూ" అన్నారు.

"కోపిష్టిదాన్నేనండీ, కాదన్నానా? ఊళ్లో పిల్లలందరికీ చెప్పి, నాకొక్కదానికే చెప్పలేదు. నేనేమో పిచ్చిదాన్లా మురిసిపోయా" అంది పిన్ని, పెనం మీంచి కళ్లెత్తకుండా.

నాలుగు రోజులు టీచర్ బిస్కట్లు తిని మాత్ర వేసుకున్నారు. ఐదో రోజు బోర్డు మీద 'హార్డ్ హార్టెడ్' అని రాసి, "రాతిగుండె అని అర్థం. ఉదాహరణ నేనే. చదవండి" అన్నారు. మా వల్ల కాదన్నాం. ఆవిడ వదల్లేదు. "సుగ్రా ఈజ్ హార్డ్ హార్టెడ్" అని ఏడుపు గొంతులతోనే చదివాం.

పదిసార్లు కాకముందే కిందనుంచి కేక. "అమ్మాయ్ సింధూరీ! ఇవాళ టీచర్ గారి పేరు వినపడుతోందేంటే? అర్థమేంటి?"

పిట్టగోడ మీంచి వంగి చెప్పాను. ఈసారి కావాలనే చెప్పాను.

పిన్ని అట్లకాడతోనే మెట్లెక్కి వచ్చేసింది. "ఎవరే ఆ కూత కూసింది? ఆవిణ్ణి రాతిగుండె అంటే కళ్లు పోతాయి!" అంటూ కొంగుతో బోర్డంతా తుడిచేసింది.

"నేనే రాశానండీ" అన్నారు టీచర్. "మరిప్పుడు ఏం రాయమంటారు?"

"నా పేరే రాసుకోండి. ఉన్న మాటేగా." అప్పుడు గోడ గడియారం చూసి గయ్యిమంది. "ఇంతసేపైంది, ఇంకా ఏమీ తిన్లేదా మీరు? ఉండండి, ఇడ్లీ తెస్తా."

టీచర్ చాక్‌పీస్ తీసుకుని మళ్లీ పాత వాక్యమే రాశారు. మేం మొదలుపెట్టబోయి మొహమాటంతో ఆగిపోయాం. పిన్ని మెట్ల మీంచి వెనక్కి తిరిగింది.

"చదవరేంటే? గట్టిగా చదవండి. కిందికి వినపడాలి."